ధనుర్మాసపు వేకువలో ఆకాశ పాఠము



ధనుర్మాసము వచ్చినది. డిసెంబరు నెల నడుమ మొదలుకొని సంక్రాంతి వరకు గల ఈ దినములలో మన హోసూరు చలికి ముడుచుకొని యుండును. దాదాపు 900 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద నెలకొన్న ఊరగుటచే ఇచ్చటి వేకువలు మిక్కిలి చల్లనివి. చెరువు మీద మంచు తెల్లని దుప్పటివలె పరచుకొనును. కోవెలలలో భజనలు, ముంగిళ్ళలో ముగ్గులు, వేడి పొంగలి ప్రసాదము మీరెల్లరు ఎరిగినవే. అయితే ఆ ప్రసాదము కొరకు వడివడిగా నడచుచు మీరు తల యెత్తి చూడని అద్భుతములు కొన్ని మీ నెత్తిమీదనే యున్నవి. వానిని గుర్తించు విధమును తెలుపుటకే ఈ పాఠము.

మన కొండమీది స్వామి పేరు చంద్రచూడేశ్వరుడు. చంద్రుని సిగలో ధరించినవాడని దాని యర్థము. అట్టి దేవుని నీడలో పెరుగు పిల్లలకు ఆకాశముతో పరిచయము లేకుండుట తగదు గదా!

చూచుటకు ముందు

తెల్లవారుజామున 5 గంటలకు ఇంటిలోని పెద్దలను వెంటబెట్టుకొని బయలుదేరుడు. ఒంటరిగా పోరాదు. వీధి దీపముల వెలుతురు నేరుగా కన్నులబడని చోటు చూచుకొని నిలువుడు. మన కన్ను చీకటికి బాగుగా అలవాటు పడుటకు 20 నిమిషములకు తక్కువ పట్టదు. ఈ లోపల చేతిఫోను దీపమును ఒక్కమారు వెలిగించినను ఆ శ్రమ యంతయు వ్యర్థమగును.

కొలుచుటకు మీ చేయియే సాధనము. చేయి బారసాచి పిడికిలి బిగించి చూచినచో, ఆ పిడికిలి వెడల్పు ఆకాశమున సుమారు 10 డిగ్రీలను కప్పును. దిగంతమునుండి నడినెత్తి వరకు 90 డిగ్రీలు, అనగా తొమ్మిది పిడికిళ్ళు. ఈ కొలతను జ్ఞాపకముంచుకొనుడు.

ఉత్తర దిక్కు

సంక్రాంతి దినములలో వేకువ 5 గంటలకు ఉత్తరమునకు తిరిగి నిలిచినచో సప్తర్షి మండలము ఎత్తుగా కానవచ్చును. నాలుగు చుక్కలు చతురస్రముగను, మూడు చుక్కలు తోకగను ఉండును. మన ప్రాంతపు ముసలివారు దీనిని ముసలమ్మ మంచమందురు. నాలుగు చుక్కలు మంచపు కోళ్ళు; వెనుకనున్న మూడును దానిని దొంగిలించుకొనిపోవ వచ్చిన దొంగలు. ఋషులనుగా చూచినను, దొంగలనుగా చూచినను చుక్కలు ఏడే.

తోకలోని నడిమి చుక్క వసిష్ఠుడు. దానిని ఆనుకొని మినుకుమినుకుమను చిన్న చుక్క అరుంధతి. పెండ్లిలో వధూవరులకు చూపునది ఇదియే. ఈ రెంటి నడుమనున్న ఎడము చంద్రబింబపు వెడల్పులో సగమైనను లేదు. అరుంధతిని వేరుగా చూడగలిగితిరేని మీ చూపును, ఆనాటి ఆకాశమును రెండును నిర్మలముగా నున్నవని తెలిసికొనవచ్చును.

మంచపు కోళ్ళలో తోకకు దూరముగా నున్న రెండు చుక్కలను కలుపుచు ఒక గీత ఊహించుడు. ఆ గీతను వాని నడిమి దూరమునకు అయిదింతలు క్రిందికి పొడిగించినచో ధ్రువ నక్షత్రము దొరకును. అది దిగంతమునకు ఒక పిడికిలి మీద మరి కొంచెము ఎత్తున, అనగా దాదాపు 12.7 డిగ్రీల ఎత్తున నుండును. ఆ సంఖ్యను మీ భూగోళపు పటములో చూచితిరా? అది మన హోసూరు అక్షాంశమే! ధ్రువుని ఎత్తును కొలిచినవాడు తానున్న చోటి అక్షాంశమును కొలిచినవాడగును. పూర్వము నావికులు నడిసముద్రములో తమ స్థానమును ఎరుగుటకు ఈ ఉపాయమునే అవలంబించిరి.

దక్షిణ దిక్కు

ఇప్పుడు వెనుకకు తిరుగుడు. దక్షిణ దిగంతమునకు ఒకటిన్నర, రెండు పిడికిళ్ళ ఎత్తున నాలుగు చుక్కలు గాలిపటము ఆకారమున నిలువుగా నిలిచియుండును. అది త్రిశంకు. విశ్వామిత్రుడు స్వర్గమునకు పంపగా ఇంద్రుడు త్రోసివేసెనని, అందుచే ఇటు భూమికిని అటు స్వర్గమునకును కాక నడుమ నిలిచెనని పురాణము చెప్పు రాజు ఇతడే. దానికి ఎడమ ప్రక్క కొంత దిగువగా రెండు ప్రకాశవంతమైన చుక్కలు గలవు. వానిలో ఎక్కువ కాంతిగలది సూర్యుని తరువాత మనకు మిక్కిలి దగ్గరనున్న నక్షత్ర కుటుంబము. అయినను దాని కాంతి మనలను చేరుటకు నాలుగేండ్లకు పైగా పట్టును. నేడు మీరు చూచు ఆ వెలుగు బయలుదేరిన దినమున మీరు ఇప్పటికంటె నాలుగు తరగతులు క్రింద చదువుచుంటిరి.

ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. భూమధ్యరేఖకు బాగుగా దక్షిణమున నుండువారికి ధ్రువ నక్షత్రము ఎన్నడును కనబడదు. ఢిల్లీలోని విద్యార్థికి త్రిశంకు దిగంతమును తాకుచు కనబడీ కనబడక పోవును. మనకో, ఒకే వేకువలో, ఒకే చోట నిలిచి, ఊరక వెనుకకు తిరిగినంతనే రెండును కానవచ్చును. రెండు ఆకాశముల పొలిమేరలో నున్నవారికి రెండును దక్కినవి. మూడు భాషల పొలిమేరలో నున్న మన ఊరివారికి ఇది క్రొత్త సంగతి కాదు.

గొర్రుకొయ్యలు

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలోని ఒక బాలికతో మాటలాడుచు వారి ఇంటి వరకు నడచితిని. ఆమె అవ్వ వాకిటిలో కూర్చుండి రాగులు చెరుగుచుండెను. మృగశిరా మండలములోని మూడు చుక్కల వరుసను గురించి నేను పిల్లకు చెప్పుచుండగా అవ్వ నవ్వి, "అవి గొర్రుకొయ్యలు అయ్యవారూ, మీకు తెలీదా?" అనెను. విత్తనములు వేయు గొర్రు వలె వరుసగా నుండుటచే ఆ పేరు. నేను ఉపాధ్యాయ శిక్షణను పొరుగు రాష్ట్రమున పొందినవాడను. అచ్చట నేర్చిన పుస్తకములలో మృగశిర యను పేరే గాని గొర్రుకొయ్యలను మాట నాకు తారసపడలేదు. కొందరు వీనినే గొల్లకావడి యందురని తరువాత వింటిని.

అవ్వ ఇంకను ఇట్లు చెప్పెను: "చిన్నప్పుడు రాగి కళ్ళం కాడ కావలి పడుకునేవాళ్ళం. గడియారం యాడుంది? గొర్రుకొయ్యలు పడమట వాలితే ఇంక తెల్లారుతుందని మా నాయన లేపేవాడు."

ఈ మాట ఎంత సత్యమో లెక్క వేసి చూతము. డిసెంబరు నడుమ వేకువ 5 గంటలకు ఆ మూడు చుక్కలు పడమట దిగంతమునకు రెండు పిడికిళ్ళ కంటె తక్కువ ఎత్తున నుండును. అది రాగి నూర్పుల కాలమే. కనుక అవ్వ తండ్రిగారి గడియారము సరియైనదే. అయితే భూమి సూర్యుని చుట్టును తిరుగుటచే ప్రతి నక్షత్రమును దినమునకు దాదాపు 4 నిమిషములు ముందుగా ఉదయించి, ముందుగా అస్తమించును. నెల గడచునప్పటికి ఆ తేడా 2 గంటలగును. సంక్రాంతి నాటికి వేకువ 5 గంటలకు గొర్రుకొయ్యలు మునిగిపోయియే యుండును. అప్పుడు వానిని నమ్ముకొన్నవాడు 2 గంటలు ముందుగానే లేచి కూర్చుండును!

ఈ సందేహమునే అవ్వను అడిగితిని. "సంక్రాంతికి వేరే గుర్తుంది లే అయ్యవారూ. ఇప్పుడు చెప్తే ఏం తెలుస్తుంది? మబ్బు లేని దినం రండి, చూపిస్తాను" అనెను. సరే యంటిని.

వేగుచుక్క

తూర్పున తెల్లవారకముందే వెండివలె మెరయు వేగుచుక్క కొన్ని సంవత్సరములలో కానవచ్చును. తమిళులు దీనిని విడివెళ్ళి యందురు. కన్నడిగులు బెళ్ళిచుక్కి యందురు. మూడు భాషలవారును దీనిని ఉదయముతోనో, వెండితోనో ముడిపెట్టిరి. పేరులో చుక్క యున్నను ఇది నక్షత్రము కాదు, శుక్రగ్రహము. సూర్యకాంతిని తన దట్టమైన మేఘములపై త్రిప్పికొట్టుటచే అంతగా ప్రకాశించును. 1610లో గెలీలియో తన దూరదర్శినితో చూచి శుక్రునకును చంద్రునివలె కళలు గలవని కనుగొనెను. సుమారు 584 దినములకు ఒకమారు శుక్రుడు తన ఆటను పూర్తిచేసి మరల మొదలుపెట్టును. కనుక ఒక ధనుర్మాసమున వేకువను కనబడినవాడు మరియొక ధనుర్మాసమున సాయంకాలపు పడమటి ఆకాశమున కనబడవచ్చును.

నక్షత్రము మినుకుమినుకుమనును, గ్రహము నిలుకడగా వెలుగును. నక్షత్రములు బహుదూరమున నుండుటచే మనకు బిందువులుగా తోచును. మన గాలి పొరల కదలికకు ఆ సన్నని కాంతి రేఖ చెదరును. గ్రహమో చిన్న పళ్ళెమువంటిది. ఒక చోట కాంతి చెదరినను మరియొక చోటి కాంతి దానిని పూరించును.

పడమట భూమి నీడ

తూర్పు తెల్లబారుచుండగా అందరును తూర్పునకే చూతురు. మీరు మాత్రము సూర్యోదయమునకు 20 నిమిషములు ముందు పడమరకు తిరుగుడు. కొండ మెట్లపైనుండి చూచిన మరింత స్పష్టము. దిగంతమును అంటి నీలిబూడిద వన్నెగల పట్టీ యొకటియు, దానిపై గులాబి వన్నెగల పట్టీ మరియొకటియు కనబడును. క్రింది పట్టీ మబ్బు కాదు, పొగ కాదు. అది మన భూమి ఆకాశముపై పడవేసిన నీడ! పైనున్న గులాబి పట్టీ ఆ నీడను దాటి వచ్చిన అరుణ కిరణములు పడమటి గాలిపై పడి తిరిగి మన వైపు వచ్చుటచే ఏర్పడినది. సూర్యుడు పైకి వచ్చుకొలది నీడ క్రిందికి దిగి మాయమగును. చంద్రగ్రహణమున చంద్రునిపై పడునది ఈ నీడయే. గ్రహణము కొరకు కనిపెట్టుకొని యుండుదుము గాని, నిర్మలమైన ప్రతి వేకువను పడమట కనబడు దీనిని చూచువారు అరుదు.

వరదగుడి

కొన్ని రాత్రులు చంద్రుని చుట్టును పెద్ద వలయము కనబడును. దీనిని తెలుగువారు వరదగుడి యందురు. చంద్రునినుండి వలయము వరకు గల దూరమును పిడికిలితో కొలువుడు. రెండు పిడికిళ్ళ మీద స్వల్పము, అనగా 22 డిగ్రీలు ఉండును. ఎన్నిమారులు కొలిచినను అంతే. ఏలయన, మిక్కిలి ఎత్తున పలుచని మేఘములలో నీరు ఆరు పలకల మంచు స్ఫటికములుగా నుండును. వానిగుండ పోవు కాంతి 22 డిగ్రీలు వంగి వచ్చుట కెక్కువ అనుకూలము. మన ఊరిలో మంచు కురియకపోయినను, మన నెత్తిమీద అనేక కిలోమీటర్ల ఎత్తున మంచు పలుకులు తేలుచున్నవని ఈ గుడి సాక్ష్యమిచ్చును. చంద్రుని అంటుకొని రంగులతో కనబడు చిన్న వలయము వేరు. అది మంచు వలన గాక సన్నని నీటి బిందువుల వలన కలుగును.

దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరపు వాన యని మన సామెత. పెద్ద వలయమును కలిగించు ఎత్తైన మేఘములు పలుమారు వానమబ్బులకు ముందు నడచు దూతలు. కావున ఈ సామెతలో అనుభవ సారము కలదు. అయితే ప్రతి గుడికిని వాన కురియదు. సామెతను పరీక్షించు పని మీది.

చలి యెందులకు?

జనవరి మొదటి వారమున భూమి సూర్యునికి మిక్కిలి చేరువగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును. జూలైలో ఆ దూరము సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. చేరువైనప్పుడు చలి వేయుట యెట్లు? దూరము కారణము కాదు. భూమి ఇరుసు వంపు కారణము. ఏప్రిల్ నాలుగవ వారమున మధ్యాహ్నము సూర్యుడు మన నడినెత్తిన నిలువగా నిలువుకర్రకు నీడ లేకుండును. డిసెంబరు 21, 22 తేదీలలో మధ్యాహ్నము కూడ 54 డిగ్రీల ఎత్తుకు మించడు. కిరణములు ఏటవాలుగా పడును, పగలు కురుచయగును, మబ్బులేని రాత్రులలో నేల వేడి ఆకాశమునకు పోవును. అందుచే చలి, మంచు.

ఇంకొక వింత. పగలు మిక్కిలి కురుచయైన దినము డిసెంబరులోనే గడచిపోయినను, మన ఊరిలో సూర్యుడు ఉదయించు సమయము జనవరిలో కూడ చాలదినముల వరకు నిమిషము నిమిషముగా వెనుకబడుచునే యుండును. సాయంకాలమున మాత్రము ప్రొద్దు పెరుగుచుండును. గడియారముతో పరీక్షించి చూడుడు.

మన పెద్దలు, మన కావలూరు

ఆకాశమును శ్రద్ధతో చూచినవారు మనలో లేకపోలేదు. గొడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున తన యింట వేధశాలను నెలకొల్పెను. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చెను. హీలియము అను మూలకపు చరిత్రలో ఆ గ్రహణమునకు స్థానము కలదు.

హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు అచ్చటనే ఆకాశమును ప్రేమించుట నేర్చెను. ఆయనయే వేణు బాప్పు. 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడై దానికి తన పేరును ఇచ్చినవాడు. ఆయన తరువాత జవ్వాది కొండలలో, దాదాపు మన అక్షాంశముననే యున్న కావలూరును వేధశాలకు ఎన్నుకొనెను. అచ్చటి రాత్రులు చీకటివి. ఉత్తరాకాశమును, దక్షిణాకాశములో పెద్ద భాగమును అచ్చటినుండి చూడవచ్చును. ఏ లాభమును మీరు వెనుకకు తిరిగి ఊరకనే పొందితిరో, ఆ లాభము కొరకే గొప్ప శాస్త్రజ్ఞుడు ఆ చోటును కోరెను. 2.34 మీటర్ల అద్దము గల దూరదర్శిని అచ్చట పూర్తియగునప్పటికి ఆయన జీవించి లేడు, 1982లోనే మరణించెను. 1986లో ఆ వేధశాలకును దూరదర్శినికిని ఆయన పేరు పెట్టిరి.

చెప్పవలసిన మాట

అవ్వ మాట మిగిలియున్నది. ఆ యేడు సంక్రాంతికి పరీక్షా పత్రములు దిద్దు పని యుండెను. మరుసటి యేడు మబ్బులుండెను. ఆ మరుసటి యేడు పోవచ్చును లెమ్మని యుంటిని. ఆ వర్షాకాలమునందే అవ్వ కాలము చేసెను. ఆ బాలికను అడిగితిని. "అవ్వ నాకు చెప్పలేదు అయ్యవారూ, నేనూ అడగలేదు" అనెను. ఆమె తండ్రి పట్టణపు కర్మాగారమున రాత్రిపని చేయువాడు, ఆయనకును తెలియదు.

సంక్రాంతి వేకువను 5 గంటలకు ఆగ్నేయమున తేలు ఆకారపు వృశ్చికము లేచియుండును. ఆకాశమున ఎత్తుగా చిత్త, స్వాతి మెరయుచుండును. అవ్వ చూపదలచినది వీనిలో ఏదో ఒకటి కావచ్చును. కాని ఊహ సాక్ష్యము కాదు. ఈ నేల రైతులు ఎన్ని తరములనుండియో వాడిన గడియారములో ఒక ముల్లు నా సోమరితనము వలన పోయినది. చుక్క పోలేదు, దాని పేరు పోయినది. పుస్తకములోని పేరు ఏ ఊరిలోనైనను దొరకును. మన కళ్ళములలో పుట్టిన పేరు మన ఇండ్లలో తప్ప మరెక్కడను దొరకదు.

మన ఊరి దీపములు యేటేట పెరుగుచున్నవి. అరుంధతి కనబడుట కష్టమగుచున్నది. ఆ దీపములను ఆర్పుట మీ చేతిలో లేదు. మీ ఇంటి ముసలివారిని అడుగుట మాత్రము మీ చేతిలోనే యున్నది. నేను చేసిన తప్పు మీరు చేయకుడు. అడుగుట రేపటికి వాయిదా వేయకుడు.

అభ్యాసములు

1. పిడికిలితో ధ్రువ నక్షత్రపు ఎత్తును కొలిచి, మన అక్షాంశముతో సరిపోల్చుడు.

2. డిసెంబరు 16 మొదలు సంక్రాంతి వరకు వారమునకు ఒకమారు వేకువ 5 గంటలకు గొర్రుకొయ్యలు ఎచ్చట నున్నవో పటము గీయుడు. ఎన్నవ వారమున అవి మాయమైనవి?

3. వరదగుడి కనబడిన తేదీలను, తరువాత మూడు దినములలో వాన కురిసినదీ లేనిదీ వ్రాసియుంచుడు. సామెత ఎన్నిమారులు నిజమైనది?

4. మీ అవ్వ, తాత, లేదా పొరుగింటి పెద్దలను అడిగి చుక్కల పేర్లను, వానిని గుర్తించు విధమును, ఎవరు చెప్పిరో, ఏ ఊరివారో వ్రాసి తెండు. తెలుగు, తమిళము, కన్నడము — ఏ భాష పేరైనను సరే. సంక్రాంతి వేకువకు గుర్తు ఏదియో తెలిసినవారు దొరికినచో ఆ దినమే నాకు చెప్పుడు. ఆ రాత్రియే వచ్చెదను.